జర్మనీలోలా మన ఓపెన్‌కాస్ట్ గొయ్యిని చెరువు చేయొచ్చా? అక్కడ ఉన్నవాళ్లు చెప్పండి

ఇల్లందు సోషల్ టీచర్:

అందరికీ నమస్కారం. నేను ఇల్లందు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా ఊరి పాత పేరు బొగ్గుట్ట. భద్రాచలం పోయే యాత్రికులు వంటకి మూడు రాళ్లు పెట్టి మంట వేస్తే ఆ రాళ్లే అంటుకున్నాయని మా తాత చెప్పేవాడు. 1871లో జియలాజికల్ సర్వే నుంచి విలియం కింగ్ వచ్చి ఇక్కడ బొగ్గు ఉందని తేల్చాడు. 1889లో తవ్వకం మొదలైంది. నాకు ఊహ తెలిసేసరికి బాయిలు (భూమి లోపలి గనులు) ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఇప్పుడు కనిపించేవి ఓపెన్‌కాస్ట్ గోతులు, అంటే పైనుంచే తవ్వుకుంటూ పోయిన గనులు, వాటి పక్కన మట్టి గుట్టలు.

పోయిన నెల తొమ్మిదో తరగతి పిల్లల్ని ఊరి చుట్టుపక్కల మ్యాపు గీయమన్నాను. ఒకమ్మాయి పెద్ద గుట్ట గీసింది, పేరు రాయలేదు. ఈ గుట్ట పేరేంటమ్మా అంటే, "అది గుట్ట కాదు సార్, ఓబీ" అంది, అంటే బొగ్గు పైనున్న మట్టి తవ్వి పోసిన కుప్ప. పక్కనే ఖాళీగా ఒక గుండ్రం గీసి వదిలేసింది. అది గొయ్యి. "బొగ్గు అయిపోయాక దీన్ని ఏం చేస్తారు సార్? ఇక్కడ ఏ రంగు వెయ్యాలి?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

తర్వాత ఒక వీడియో చూశాను. జర్మనీలో లౌజిట్స్ అనే పల్లపు ప్రాంతం, ఇంగ్లీష్ మ్యాపుల్లో లుసేషియా అని ఉంటుంది. అక్కడ బొగ్గు తీసిన గోతుల్లో నీళ్లు నింపి పెద్ద పెద్ద చెరువులు చేశారట. పడవలు, ఇసుక ఒడ్డు, సైకిల్ దారులు, చూడటానికి చాలా బాగుంది. పిల్లలకి చూపిస్తే వెంటనే "మన దగ్గర కూడా చెయ్యొచ్చు కదా సార్" అన్నారు. అవునని చెప్పే ముందు నిజం తెలుసుకోవాలని ఇక్కడ అడుగుతున్నాను. నీళ్లు వదిలేస్తే చెరువైపోతుందా? ఎన్నేళ్లు పడుతుంది? ఆ నీళ్లు పనికొస్తాయా? ఆ ప్రాంతంలో చదువుకునే మనవాళ్లు చాలామంది ఉన్నారని విన్నాను. కళ్లతో చూసినవాళ్లు చెప్తే పిల్లలకి అదే చెప్తాను.

ఖని నుంచి కాట్‌బుస్:

టీచర్ గారూ, నమస్తే. మాది గోదావరిఖని. నాన్న బాయిలో కోల్ ఫిల్లర్, బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపే పని. నేను 2018లో ఎమ్మెస్ చదవడానికి ఇక్కడికి, కాట్‌బుస్‌కి వచ్చాను. లౌజిట్స్‌లో పెద్ద ఊరు ఇదే. చదువయ్యాక భూగర్భజలాల లెక్కలు చూసే చిన్న ఆఫీసులో పని దొరికి ఇక్కడే ఉండిపోయాను. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మా ఇంటి డాబా మీద నుంచి కనిపించే ఓబీ గుట్టల్ని చిన్నప్పుడు నేనూ నిజం గుట్టలే అనుకున్నాను.

ముందు ఇక్కడి చెరువు గురించి. నేను దిగిన వారానికే రూమ్మేట్ "ఆదివారం ఓస్ట్‌జేకి పోదాం" అన్నాడు. జర్మన్‌లో ఆ పేరు బాల్టిక్ సముద్రానిది. అంత దూరం సైకిల్ మీదేంటి అనుకుంటూనే వెళ్లాను. ఊరు దాటగానే వచ్చింది. చుక్క నీరు లేదు. కనుచూపు మేర ఇసుక, గాలికి లేచే దుమ్ము, దూరంగా యాన్‌ష్వాల్డె థర్మల్ స్టేషన్ కూలింగ్ టవర్లు. మన ఎన్టీపీసీ గుర్తొచ్చింది. ఆ ఇసుక గోతిలో 2015 డిసెంబర్‌లో బొగ్గు తియ్యడం ఆపేశారు. "ఇది చెరువవుతుంది, పేరు మాత్రం ముందే పెట్టారు" అన్నాడు రూమ్మేట్.

2019 ఏప్రిల్ 12న స్ప్రీ నది నీళ్లు అందులోకి వదిలారు. అప్పటి నుంచి నెలకొకసారైనా పోయి చూస్తున్నాను. చెరువు మొత్తం సుమారు 19 చదరపు కిలోమీటర్లు. మూడు నాలుగేళ్లలో నిండుతుందనుకున్నాను. ఎండాకాలంలో స్ప్రీ సన్నబడిందంటే ఇక్కడికి వదలడం తగ్గించేస్తారు, ఒక్కోసారి ఆపేస్తారు. దిగువన స్ప్రీవాల్డ్ అనే కాలువల అడవి ఉంది, ఇంకా కింద బెర్లిన్ నగరం ఉంది. వాళ్ల వాటా వాళ్లకి పోయాకే చెరువుకి. అలా ఆగుతూ నడుస్తూ 2024 చివరికి అనుకున్న మట్టానికి వచ్చింది. కాబట్టి మీ మొదటి ప్రశ్నకి నా జవాబు ఇది: వదిలేస్తే నిండేది కాదు. ఒక నదిని అడిగి తెచ్చుకున్న నీళ్లు అవి.

ఎందుకలాగంటే, ఈ నేల సంగతి కొంచెం చెప్పాలి. లౌజిట్స్ అనే పేరు ఇక్కడి సోర్బులు అనే స్లావిక్ జనం మాటలోంచి వచ్చింది. దాని అర్థం చిత్తడి నేల. స్టేషన్‌లో, వీధి బోర్డుల మీద ఇప్పటికీ జర్మన్‌తో పాటు వాళ్ల భాష ఉంటుంది. మీ ఊరికి బొగ్గు పేరైతే, ఈ ఊళ్లకి నీళ్ల పేరు. అంత చిత్తడి నేలలో, ఇసుక కింద, పది పన్నెండు మీటర్ల మందంతో లిగ్నైట్ (గోధుమ రంగు మెత్తటి బొగ్గు) పొర చాపలా పరుచుకుని ఉంది. నైవేలిలో తీసేలాంటిదే. దాన్ని తియ్యాలంటే ముందు నీళ్లు తోడాలి. గని చుట్టూ వరసగా బోర్లు వేసి రాత్రింబగళ్లు తోడారు. ఒక దశలో సుమారు 2,100 చదరపు కిలోమీటర్ల మేర భూగర్భజలం కిందికి పోయింది. ఆ తోడిన నీళ్లని స్ప్రీలోకే వదిలారు. దశాబ్దాలుగా నదికి అదే అలవాటైపోయింది. ఇప్పుడు గనులు మూస్తుంటే తోడకం తగ్గుతోంది, పైగా ఖాళీ అయిన నేల నీళ్లు పీల్చుకుంటోంది, మరోపక్క చెరువులకీ నీళ్లు కావాలి. నది ఒక్కటే, అడిగేవాళ్లు ముగ్గురు. మా ఆఫీసులో ప్రతి వేసవిలో టెన్షన్ దీని గురించే.

ఇసుక సంగతి అంతకంటే ముఖ్యం, పిల్లలకి తప్పకుండా చెప్పండి. మన దగ్గర షవెల్ మట్టి ఎత్తుతుంది, డంపర్ మోసుకుపోతుంది, గుట్ట లేస్తుంది. ఇక్కడ పొర అడ్డంగా పరుచుకుని ఉంది కాబట్టి వేరే పద్ధతి. ఎఫ్60 అనే ఇనుప వంతెన ఒకటి ఉంటుంది. గొయ్యికి ఈ పక్క నుంచి ఆ పక్కకి నిలబడి, ముందు తవ్విన ఇసుకని బెల్టు మీద మోసి వెనక గుమ్మరిస్తుంది. అలా గొయ్యి నడుస్తూ పోతుంది. ముందున్న ఊళ్లు పోతుంటాయి, వెనక కొత్త నేల తయారవుతుంటుంది. లిష్టర్‌ఫెల్డ్ అనే ఊరి దగ్గర పని ఆపేసిన ఎఫ్60ని జనం ఎక్కి చూడటానికి ఉంచారు. పొడవు 502 మీటర్లు. పడుకున్న ఈఫిల్ టవర్ అంటారు. 1991లో మొదలుపెట్టి 1992లోనే ఆపేశారు, తూర్పు జర్మనీ పోయాక ఇక్కడి గనులు చాలావరకు మూతపడ్డాయి మరి. ఒకప్పుడు 80 వేల మంది దాకా ఈ బొగ్గు మీద బతికారు. ఇప్పుడు అందులో పదో వంతు కూడా లేరు. ఆ వంతెన మీద నిలబడి ఉంటే నాన్న తట్టా చెమ్మస్ (బొగ్గెత్తే పార) కళ్ల ముందు కదిలాయి. ఆయన్ని ఒకసారైనా తీసుకొచ్చి చూపించాలని ఉంది.

ఆ వెనక గుమ్మరించిన ఇసుక గట్టిపడదు. తేలిగ్గా పేరుకుని ఉంటుంది. తోడటం ఆపాక కింది నుంచి నీళ్లు పైకి వస్తాయి. నీళ్లు తగిలిన ఆ ఇసుక ఏదో ఒక రోజు, చిన్న అదురుకే, ముద్దలా కారిపోతుంది. 2010లో స్ప్రేటాల్ దగ్గర పాత డంపు నేల ఇలాగే ఒక్కసారిగా జారి లారీలు, గొర్రెలు కూరుకుపోయాయి. మీరు వీడియోలో చూసింది జెంఫ్టెన్‌బెర్గ్ చెరువై ఉంటుంది. దాన్ని 1967లో నింపడం మొదలుపెట్టారు, 1973లో ఒడ్డు జనానికి తెరిచారు. యాభై ఏళ్లు దాటిన చెరువు. అయినా 2018లో దాని మధ్య ఉన్న లంక అంచు జారితే చెరువులోకి ఎవర్నీ దిగనివ్వలేదు. ఆ లంక మీద ఇప్పటికీ అడుగు పెట్టకూడదు. కాట్‌బుస్ చెరువు ఒడ్డున కూడా చాలాచోట్ల "ప్రాణాపాయం, లోపలికి రావద్దు" అని పసుపు బోర్డులుంటాయి. ఇసుక ఒడ్డు, చూస్తే పిల్లలకి పరుగెత్తాలనిపిస్తుంది. అందుకే నిండటానికి ముందే ఒడ్డు పొడుగునా పెద్ద పెద్ద రాడ్లు దింపి, అదిలించి, ఇసుకని గట్టిపరుస్తారు. చెరువు ఖర్చులో పెద్ద భాగం కనిపించని ఈ పనిలోనే ఉంది.

నీళ్లు పనికొస్తాయా అన్నారు. బొగ్గు పక్కన ఉండే మట్టిలో పైరైట్ ఉంటుంది, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. నీళ్లు తోడినప్పుడు దానికి గాలి తగులుతుంది. మళ్లీ నీళ్లొచ్చినప్పుడు అది ఆమ్లంగా, ఇనుముగా కరుగుతుంది. ఇక్కడ కొన్ని చెరువుల నీళ్లు పీహెచ్ 3 దగ్గర ఉండేవి, చింతపండు పులుసులా. చూపుకి మాత్రం అద్దంలా తేటగా ఉంటాయి, ఎందుకంటే అందులో బతికేవి చాలా తక్కువ. పడవల్లో సున్నం తెచ్చి చల్లుతారు. ఒకసారి చల్లితే సరిపోదు, మళ్లీ మళ్లీ చల్లాలి. ఇనుము స్ప్రీలోకి చేరి నదిని బెల్లం పానకం రంగులోకి మారుస్తుంది. కాట్‌బుస్‌కి ఎగువన స్ప్రెంబెర్గ్ డ్యామ్ ఉంది కాబట్టి ఆ తుప్పు మడ్డి చాలావరకు అక్కడే దిగుతుంది. నేను మొదటిసారి ఆ ఎర్ర నీళ్లు చూసినప్పుడు ఏ ఫ్యాక్టరీ వదిలిందో అనుకున్నాను. ఏ ఫ్యాక్టరీ లేదు. నేలే వదులుతోంది.

ఇదంతా చెరువులు వద్దని చెప్పడానికి కాదండీ. సాయంత్రం ఆ ఒడ్డున కూర్చుంటే మనసుకి నిజంగా హాయిగా ఉంటుంది. ఇక్కడి ముసలివాళ్లు ఆ నీళ్లని చూసి కళ్లు తుడుచుకోవడం చూశాను. కానీ పిల్లలకి ఆ వీడియో ఒక్కటే చూపిస్తే, మధ్యలో ఉన్న యాభై ఏళ్లు కనపడవు.

రిటైర్డ్ సర్వేయర్:

బాబూ, చాలా వివరంగా రాశావు. నేను కొత్తగూడెం, మణుగూరు వైపు 34 ఏళ్లు సర్వే సెక్షన్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. టీచర్ గారికి మన వైపు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే మన నేల అది కాదు.

మన బొగ్గు గోండ్వానా రాళ్లలోది, పాతిక కోట్ల ఏళ్ల పైమాటే. ప్రాణహిత, గోదావరి లోయ వెంబడి 350 కిలోమీటర్లు సాగుతుంది. పైన ఉన్నది వదులు ఇసుక కాదు, ఇసుకరాయి. బ్లాస్టింగ్ చేస్తే గానీ కదలదు. కాబట్టి తవ్వని వైపు గోడ బెంచీలు బెంచీలుగా, అంటే మెట్లు మెట్లుగా, బాగానే నిలబడుతుంది. భయపడాల్సింది ఓబీ కుప్ప వైపు, అది పోసిన మట్టి కదా. ఇంకో తేడా, మన పొరలు ఏటవాలుగా దిగుతాయి. బొగ్గు వెంట పోయేకొద్దీ గొయ్యి లోతవుతుంది. జర్మనీ చెరువు వెడల్పెక్కువ, లోతు తక్కువ. మనది నిండితే నిట్టనిలువు గోడల బావిలా ఉంటుంది. పశువు దిగితే ఎక్కలేదు. ఒక పక్కన బెంచీలు వాలు చేసి మెట్టు దారి ఇవ్వకుండా దాన్ని చెరువు అనకూడదు.

అన్నిటికన్నా పెద్ద సంగతి, పాత బాయిల మీద తవ్వినవి మన ఓసీల్లో (ఓపెన్‌కాస్ట్ గనుల్లో) చాలా ఉన్నాయి. కింద తియ్యకుండా వదిలిన బొగ్గు పిల్లర్లు, వాటి మధ్య గ్యాలరీలు (సొరంగం దారులు) ఉంటాయి. కొన్నింట్లో గోదావరి ఇసుక నింపారు, కొన్ని ఖాళీ. గొయ్యిలో నీళ్లు పెరిగితే ఆ గ్యాలరీల్లోకి పోతాయి, ఎటు పోతాయో పాత ప్లాను చూడకుండా ఎవరూ చెప్పలేరు. 2003 జూన్‌లో గోదావరిఖనిలో ఏడో నంబర్ ఎల్ఈపీ అనే బాయిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయారు. ఆ వార్త విన్న రోజు మా సెక్షన్‌లో ఒక్కరం కూడా అన్నం తినలేదు. పక్క బాయి నడుస్తుండగా ఇక్కడ నీళ్లు నిలపడం అంటే నాకు ఇప్పటికీ గుండె దడ.

టీచర్ గారూ, మీకు పనికొచ్చే మాట ఒకటి. 2009 నుంచి ప్రతి బొగ్గు గనికీ మూసివేత ప్రణాళిక, అంటే మైన్ క్లోజర్ ప్లాన్ ఉండాలి. ఆ పనికి డబ్బు ఏటేటా ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికే విడిగా ఉంచే ఖాతాలో, వెయ్యాలి. పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు రిపోర్టు సారాంశం తెలుగులో కూడా ఇవ్వాలి. అందులో తవ్వకం అయ్యాక నేల ఏమవుతుందో పట్టిక ఉంటుంది: ఇన్ని హెక్టార్లు చెట్లు, ఇన్ని హెక్టార్లు నీటి గుంట, లోతు ఇంత. ఆ అమ్మాయి అడిగిన గుండ్రానికి ఏ రంగు వెయ్యాలో ఆ కాగితంలో రాసే ఉంటుంది. పర్యావరణ శాఖ పరివేష్ వెబ్‌సైట్‌లో వెతకండి, దొరక్కపోతే సమాచార హక్కు కింద అడగండి. పిల్లలకి ఆ పట్టిక చదవడం నేర్పండి. ఒకవేళ మ్యాపులో స్కేలు, కాంటూరు గీతలు అర్థం కాకపోతే నేను వచ్చి చెప్తాను, కొత్తగూడెం నుంచి ఎంత దూరం.

ఇల్లందు సోషల్ టీచర్:

సర్వేయర్ గారూ, తప్పకుండా రండి. శనివారాలు అయితే పిల్లలు తీరిగ్గా ఉంటారు. ఖని తమ్ముడూ, మీ జవాబు క్లాసులో చదివి వినిపించాను. బెల్లం పానకం నది అనగానే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా పక్క వాగులో కూడా వానాకాలం ముందు ఆ రంగు చూశామని ఇద్దరు చెప్పారు. అదీ ఇదీ ఒకటే అని నేను అనలేదు, పీహెచ్ కాగితాలు తెప్పిస్తున్నాను.

ఇంకో సంగతి. మ్యాపు గీసిన అమ్మాయి వాళ్ల ఊరు కూడా ఓసీలో పోయిందని మొన్ననే తెలిసింది. ఇప్పుడు ఆర్ అండ్ ఆర్ (పునరావాస) కాలనీలో ఉంటున్నారు. గుండ్రం ఖాళీగా వదిలింది రంగు తెలియక కాదేమో అనిపించింది. ముందు ఊళ్లు పోతుంటాయి అని మీరు ఒక్క మాట రాసి వదిలేశారు. ఆ ఊళ్ల వాళ్లు ఏం చేశారు?

ఖని నుంచి కాట్‌బుస్:

అన్నా, అది రాయడానికి చెయ్యి రాలేదు, అందుకే దాటేశాను.

లౌజిట్స్‌లో గనుల కోసం లేచిపోయిన ఊళ్లు 130 పైనే. అందులో చాలా సోర్బు ఊళ్లు. ఊరు చెదిరితే ఆ భాష మాట్లాడుకునే వాకిళ్లు కూడా చెదిరిపోయాయి. కాట్‌బుస్ చెరువు కింద లకోమ అనే ఊరు ఉండేది, దాని చేపల గుంటలతో సహా పోయింది. ఇప్పుడు నీళ్లున్న చోటే ఒకప్పుడు నీళ్లున్నాయన్నమాట. హోర్నో అనే ఊరి వాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడారు. ఓడిపోయారు. 2004లో చర్చిని కూడా కూల్చారు. ఊరంతా కలిసి ఫోర్స్ట్ పట్నం అంచుకి మారి, కొత్త ఇళ్లకి పాత ఊరి పేరే పెట్టుకున్నారు.

ఆ కొత్త హోర్నోలో, చర్చి పక్కనే, మాయమైన ఊళ్ల కోసం ఒక చిన్న మ్యూజియం ఉంది. గది నేలంతా కార్పెట్‌లా లౌజిట్స్ మ్యాపు పరిచి ఉంటుంది. దాని మీద నడుచుకుంటూ పోయి ఏ ఊరి దగ్గర ఆగితే ఆ ఊరి కథ తెలుసుకోవచ్చు. నేను వెళ్లిన రోజు ఒక పెద్దావిడ తన ఊరు ఉన్న చోట చెప్పులు విప్పి నిలబడింది. ఆవిడతో నేను మాట్లాడలేదు. మా అమ్మ పుట్టిన ఊరు గుర్తొచ్చింది, అది కూడా ఇప్పుడు లేదు.

మీ క్లాసులో ఆ మ్యాపు మొదలుపెట్టండన్నా. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లలో (వివరంగా గీసిన మ్యాపుల్లో) ఆ అమ్మాయి వాళ్ల ఊరు ఇంకా ఉంటుంది, పేరుతో సహా. దాని మీద పల్చటి కాగితం వేసి, కాలనీలో పెద్దవాళ్లని అడిగి గుర్తులు పెట్టించండి: బొడ్రాయి ఎక్కడ, పోచమ్మ గుడి ఎక్కడ, చెరువు తూము ఎటు వైపు, ఏ చెలకని ఏమని పిలిచేవాళ్లు. చెలకల పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు, మనుషుల నోట్లోనే ఉంటాయి, ముందు అవి రాయించండి. తర్వాత దాని మీద ఓసీ అంచు గీయండి, సర్వేయర్ గారు సాయం చేస్తారు. ఆపైన ఇంకో కాగితం మీద, ఆ పట్టికలో రాసిన నీటి గుంట.

నేను సంక్రాంతికి ఇంటికి వస్తున్నాను. ఖని నుంచి ఇల్లందుకి ఒక రోజు కేటాయిస్తాను. నీటిమట్టం కొలిచే టేపు ఒకటి తెస్తాను, కింద నీళ్లు తగలగానే కీచుమంటుంది. కాలనీలో వాడకుండా వదిలేసిన బావి ఏదైనా ఉంటే చూసి పెట్టండి. ఆ అమ్మాయి చేతే మొదటి లెక్క రాయిద్దాం, తేదీ వేసి.